అన్నయ్యగారు రాయించుకున్న కాగితం

ఇరవై ఏళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారాను. ఏడింటిలో ఒక్కదానికి కూడా అడ్వాన్సు ఇచ్చినట్టు నా దగ్గర రసీదు లేదు. బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, పదిమందికి బుద్ధులు చెప్పేదాన్ని, ఇల్లు వెతుక్కునేటప్పుడు మాత్రం నా తెలివి ఎక్కడ తప్పిపోతుందో తెలియదు. నాకొక్కదానికే కాదు, మా వైపు అందరికీ ఉన్న జబ్బే ఇది. ఇల్లు చూడడానికి వెళ్ళిన ఐదో నిమిషానికి ఇంటాయన బాబాయో అన్నయ్యో అయిపోతాడు. ఇంటావిడ పిన్నో వదినో అవుతుంది. నోరారా అన్నయ్యగారూ అని పిలిచాక, అదే నోటితో రసీదు ఇవ్వండని అడగలేం. అడిగితే వాళ్ళని అవమానించినట్టు. ఈ సంగతి వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. అందుకే ముందుగా వరస కలిపేది ఎప్పుడూ వాళ్ళే.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళంటే నాకు అసహ్యం. ఈ మాటని మర్యాదగా చెప్పాలని చాలాసార్లు చూశాను, కుదరలేదు. అందరూ అలాంటివాళ్ళు కాదంటారు. కాకపోవచ్చు. ఆ మంచివాళ్ళ ఇళ్ళు ఎప్పుడూ ఖాళీగా ఉండవు కాబట్టి నాకు తగల్లేదేమో.

మొదటి ఇల్లు రేపల్లెలో. కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజులు. టులెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటూ తీసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. ముందు ఉద్యోగం ఏంటని అడిగేవాళ్ళు. టీచరునండీ అంటే కుర్చీ వేసేవాళ్ళు. తర్వాత ఇంటిపేరు అడిగేవాళ్ళు. దాంతో తేలకపోతే ఊరు ఏంటని. చెరుకుపల్లి పక్కన పల్లెటూరండీ అంటే, అప్పుడు వచ్చేది అసలు ప్రశ్న. "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపండీ?"

ఏ ఊళ్ళో ఎవరి ఇళ్ళు ఎటువైపు ఉంటాయో ఈ జిల్లాలో చంటిపిల్లలకి కూడా తెలుసు. కులం అడిగితే బాగోదు, దిక్కు అడిగితే ఎవరూ తప్పు పట్టరు. నేను దిక్కు చెప్పగానే వాళ్ళకి ఏదో గుర్తొచ్చేది. మా మరిది కొడుకు వస్తున్నాడండీ అనో, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారండీ అనో. కుర్చీలోంచి నేను లేచేసరికి ఆ కుర్చీ లోపలికి వెళ్ళిపోయేది. చివరికి ఒకాయన ఇచ్చాడు, అందరికన్నా రెండొందలు ఎక్కువ తీసుకుని. ఖాళీ చేసేరోజు ఆయన గోడల మీద వేలు పెట్టి మేకుల చిల్లులు లెక్కపెట్టాడు. పదకొండు. క్యాలెండరుకి, అద్దానికి, దోమతెరకి కొట్టిన మేకులు. ఇల్లంతా మళ్ళీ రంగు వేయించాలని చెప్పి అడ్వాన్సు మొత్తం ఉంచేసుకున్నాడు. మూడు నెలల తర్వాత ఆ వీధిలో వెళుతూ చూస్తే అవే గోడలు, అదే రంగు, ఇంకెవరి బట్టలో ఆరేసి ఉన్నాయి.

ఇవన్నీ చిన్న విషయాలు. డబ్బు పోతే రెండు నెలలు తిట్టుకుని మర్చిపోతాం. మర్చిపోలేనిది బాపట్లలో చూశాను.

అప్పటికి మా అమ్మ మా దగ్గరే ఉండేది. నాట్లు వేసి, కోతలు కోసి నన్ను చదివించిన మనిషి. నా టీచరు ట్రైనింగు ఫీజుకి ఊళ్ళో మాకున్న రెండు సెంట్ల స్థలమూ, దాంట్లో ఉన్న పూరిల్లూ అమ్మేసింది. కాబట్టి నా అద్దె ఇల్లే ఆమెకి ఇల్లు. బాపట్లలో మా ఎదురింటి వెనక పోర్షన్‌లో ఒక దర్జీ ఉండేవాడు. గుంటూరు పెద్దాసుపత్రిలో పోయాడు. శవాన్ని తెచ్చేసరికి ఇంటాయన గేటుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని చీరాలలో చుట్టాలింటికి వెళ్ళిపోయాడు. అద్దెకున్నవాళ్ళ శవం ఇంట్లోకి రాకూడదు. వస్తే ఇంటికి అరిష్టం. పధ్నాలుగేళ్ళు అదే గేటులోంచి ఆ దర్జీ అద్దె పట్టుకుని వెళ్ళేవాడు, అప్పుడు ఏ అరిష్టమూ రాలేదు.

రోడ్డు పక్కన బల్ల వేసి పడుకోబెట్టారు. ఎవరో షామియానా తెచ్చారు గానీ ఎండ పక్కనుంచి మొహం మీద పడుతూనే ఉంది. స్కూలు బస్సు వచ్చినప్పుడు దారి చాలక నలుగురు కలిసి బల్లని ఎత్తి మా గోడ వైపు జరిపారు. బస్సు వెళ్ళాక మళ్ళీ యథాస్థానంలో పెట్టారు. అతని భార్యకి అమ్మ టీ తీసుకెళ్ళి ఇచ్చి, పక్కన మట్టిలో కూర్చుని, సాయంత్రం దాకా ఇంటికి రాలేదు. వచ్చాక కాళ్ళు కడుక్కుంటూ అంది.

"నన్ను మాత్రం రోడ్డు మీద పెట్టబాకే అమ్మాయ్. నాలుగ్గోడల మధ్య ఉంచి, నీ చేత్తో నీళ్ళు పోసి, గుమ్మంలోంచి పంపించు. ఇంకేం అడగను నిన్ను."

"అట్లా ఎందుకు పెడతామే," అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

తెనాలికి బదిలీ అయ్యాక దొరికిన ఇల్లు బాగుండేది. కింద మేము, పైన ఇంటివాళ్ళు. మూడు గదులు, మునిసిపాలిటీ కుళాయి, మా అమ్మాయి బడికి నడిచి వెళ్ళేంత దూరం. మా ఆయన రైసుమిల్లులో గుమస్తా, ఆయనకీ దగ్గరే. ఇంటాయన నన్ను చూడగానే చెల్లెమ్మా అన్నాడు. దిక్కు అడగలేదు. ఆ ఒక్కదానికే నేను కరిగిపోయాను. మూడు నెలల అద్దె అడ్వాన్సుగా ఇస్తూ, నా వయసుకి కాస్త బుద్ధి వచ్చి, "ఒక చిన్న కాగితం రాసుకుందామా అన్నయ్యగారూ," అని నసిగాను.

"అన్నాచెల్లెళ్ళ మధ్య కాగితాలేంటమ్మా," అని ఆయన నవ్వాడు. వదినగారు బొట్టు పెట్టబోయి, నా మెడలో ఉన్న సిలువ చూసి, చేతిలో అరటిపండు పెట్టింది.

అయిదేళ్ళు బాగానే ఉన్నాం. ఏటా అద్దె పెంచేవాడు, మోటారు చెడిపోతే మా చేత బాగు చేయించేవాడు. అన్నయ్య కదా, పడ్డాం. అయిదో ఏడు అమ్మకి కాలేయం పాడైంది. గుంటూరులో మూడు వారాలు ఉంచి, ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి కావలసినవి పెట్టండి అన్నారు. మార్చి నెల. మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. నడిమి గదిలో కిటికీ పక్కన అమ్మకి మంచం వేశాం.

అంబులెన్సు గేటు ముందు ఆగడం ఆయన పైనుంచి చూశాడు. ఆ సాయంత్రమే రెండు కొబ్బరి బొండాలు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. అమ్మని పెద్దమ్మగారూ అని పిలిచి, ధైర్యంగా ఉండమన్నాడు. నన్ను వసారాలోకి రమ్మని గొంతు తగ్గించాడు.

"డాక్టర్లు ఎన్నాళ్ళన్నారు చెల్లెమ్మా?"

"వారమో, నెలో అన్నారండి."

ఆయన వేళ్ళు మడిచి ఏవో లెక్కలు వేసుకున్నాడు. "ఈ నెలలో మంచి నక్షత్రాల్లేవమ్మా. సిద్ధాంతిగారిని అడిగే వచ్చాను. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. మీరు పట్టించుకోరనుకోండి, మీ పద్ధతులు వేరు. ఇల్లు మాది కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. బొండాలు పట్టుకుని వచ్చేముందు సిద్ధాంతి దగ్గరికి వెళ్ళొచ్చాడన్నమాట. మా అమ్మ ఏ రోజు పోతే ఆయనకి నష్టమో ముందే కనుక్కున్నాడు. అయినా నేను ఏమన్నాను? "పాప పరీక్షలు అయ్యేదాకా ఉండనివ్వండి అన్నయ్యగారూ," అని బతిమాలాను.

మర్నాడు మా బళ్ళో పనిచేసే ఒకావిడ భర్త ప్లీడరని తెలిసి ఆయన్ని అడిగాను. ఉన్నపళంగా ఖాళీ చేయించకూడదనీ, కరెంటూ నీళ్ళూ ఆపకూడదనీ, అడ్వాన్సు ఊరికే మింగకూడదనీ చెప్పాడు. "రాతకోతలేమైనా ఉన్నాయా అండీ?" అన్నాడు. లేవన్నాను. శవం గురించి చట్టంలో ఏముందని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అది చట్టం చూసే పని కాదమ్మా, మంచి చెడ్డల్లో మనుషులు చూసుకోవాల్సింది," అన్నాడు. ఫీజు తీసుకోలేదు.

రెండు రోజుల తర్వాత అన్నయ్యగారు కిందికి దిగి వచ్చాడు, చేతిలో గీతల తెల్లకాగితం. కాగితాలెందుకన్న మనిషి స్వయంగా, గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతల్లేకుండా రాసుకొచ్చాడు. మా తల్లిగారికి ప్రాణం మీదికి వచ్చిన పక్షంలో ముందుగానే ఆస్పత్రికి తరలించగలమనీ, ఇంట్లో గానీ ఆవరణలో గానీ ఏ విధమైన అశుభమూ జరగనివ్వమనీ, జరిగిన యెడల అడ్వాన్సు వదులుకొని, ఆరు నెలల అద్దె చెల్లించుకోగలమనీ, ఇందుమూలముగా మా ఇష్టపూర్తిగా రాసి ఇచ్చిన కాగితం. కింద రెవెన్యూ స్టాంపు అతికించి ఉంది. పరీక్షలయ్యేదాకా ఉండాలంటే దాని మీద సంతకం పెట్టాలి.

పెట్టాను. మా ఆయన సాక్షి సంతకం చేశాడు. పెన్ను అన్నయ్యగారిదే. వెళ్ళి జిరాక్సు తీయించుకొచ్చి ఒక కాపీ నాకిచ్చాడు. "మీ దగ్గర కూడా ఒకటుండాలి కదమ్మా, పద్ధతి," అన్నాడు.

లోపలికి వెళితే అమ్మ అడిగింది. "ఏంటే ఆ కాగితం?"

"అద్దె పెంచారమ్మా."

"పెంచితే పెంచుకోనీలే," అంది. "నేను పొయ్యేదాకా ఇక్కణ్ణించి కదిలించబాకు."

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. ఆయన పొద్దున్నే మోటారు వేసే వంకతో దిగి వచ్చి, కిటికీ దగ్గర ఆగి చెవి పెట్టేవాడు. అమ్మ దగ్గితే ఆయన మొహం తేటపడేది. వదినగారు కిందికి రావడం మానేసింది. మెట్ల మీద ఎదురుపడితే, "ఆస్పత్రిలో అయితే సెలైనూ అదీ ఉంటుంది కదా," అనేది. నేను కూడా అమ్మ ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కన్నతల్లి మీద ప్రేమతో లెక్కపెడుతున్నానని అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

లెక్కల పరీక్ష రోజు, బుధవారం. మా అమ్మాయి అమ్మమ్మ చేత తల మీద చెయ్యి పెట్టించుకుని వెళ్ళింది. పది దాటాక నేను బార్లీ నీళ్ళు చెంచాతో పోస్తున్నాను. మొదటి చెంచా మింగింది. రెండోది పెదవి పక్కనుంచి జారిపోయింది. తుడిచి మూడోది పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. గడియారం పదింబావు చూపిస్తోంది.

నాకు మొదట ఏడుపు రాలేదు. మొదట గుర్తొచ్చింది కాగితం.

ఆ రోజు మా ఆయన మిల్లుకి వెళ్ళలేదు. వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని చూసి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పైకెళ్ళి చెప్పేస్తాను. ఏం చేసుకుంటాడో చేసుకోనీ," అన్నాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. పాపకి ఇంకా మూడు పరీక్షలున్నాయన్నాను. నిజమే, ఉన్నాయి. ఆరు నెలల అద్దె కూడా ఉంది. ఆ రెండిట్లో ఏది ముందు తట్టిందో నాకు తెలుసు, ఇక్కడ రాయలేను.

అమ్మకి నీలం చీర మార్చాను. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. నీళ్ళు పోయలేదు, బాత్‌రూములో చప్పుడైతే పైకి వినపడుతుంది. జుట్టు ముడి వేశాను. కళ్ళు సగం తెరిచి ఉంటే కళ్ళజోడు పెట్టాను. తల నిలవడానికి మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, చలిగా ఉన్నవాళ్ళకి కప్పినట్టు దుప్పటి కప్పాను, ఆ మార్చి ఎండలో. మా ఆయన వీధి చివరనుంచి ఆటో తెచ్చాడు. ఇద్దరం రెండు వైపులా పట్టుకుని, నడిపిస్తున్నట్టు తీసుకెళ్ళి మా మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. ఆటో అతను అద్దంలోంచి ఒకసారి చూశాడు. మళ్ళీ చూడలేదు.

అన్నయ్యగారు గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు.

"ఎట్లా ఉంది చెల్లెమ్మా పెద్దమ్మగారికి?"

"ఆయాసంగా ఉందండి. ఒకసారి చూపించుకొస్తాం."

ఆయన వంగి ఆటోలోకి చూశాడు. అమ్మ మొహం చూశాడు, దుప్పటి కిందనుంచి కనిపిస్తున్న పాదాలు చూశాడు. ఆ పాదాలు చూసినవాడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. పైపు కింద పడేసి, గేటు రెండు రెక్కలూ తానే బార్లా తీశాడు. "జాగ్రత్తగా తీసుకెళ్ళండి," అన్నాడు. మేము బయటికి వచ్చీ రాకముందే వెనకాల గడియ పడింది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయికన్నా పదేళ్ళు పెద్దది ఉంటుందేమో. నాడి చూసి, నా వైపు జాలిగా తిరిగి, "దారిలో పోయారా అండీ?" అంది. అవునండీ అన్నాను. ఆ అమ్మాయి అలాగే రాసింది. నన్ను రోడ్డు మీద పెట్టొద్దని ఒక్కటే కోరిన మనిషిని, నా నోటితో నేనే రోడ్డు మీద చంపాను. అన్నయ్యగారి మీద నాకున్న రోత ఎంతైనా ఉండనీ, ఆ అవునండీ నాది.

పాస్టరుగారు ఒప్పుకుంటే చర్చి వరండాలో రెండు గంటలు ఉంచాం. అక్కడే నీళ్ళు పోశాను, నాలుగు చీరలు అడ్డం పట్టుకుంటే. స్త్రీల సమాజం వాళ్ళు పాటలు పాడారు. ఒకావిడ, "ఇంటిదగ్గర ఉంచకపోయారా తల్లీ?" అంది. ఇల్లు ఇరుకండీ అన్నాను. మా అమ్మాయి యూనిఫారంతోనే పరీక్ష హాలునుంచి వచ్చి, అమ్మమ్మ పక్కన అట్ట పట్టుకుని కూర్చుంది. చీకటి పడకముందే సమాధుల తోటకి తీసుకెళ్ళాం.

మూడో రోజు అన్నయ్యగారూ వదినగారూ పలకరించడానికి దిగొచ్చారు. ఆస్పత్రిలో పోవడం మేలైందమ్మా, ప్రాణం సుఖంగా పోయి ఉంటుంది, అని ఆయన ఓదార్చాడు. వదినగారు అంత బాధలోనూ నడిమి గది గుమ్మం దాటకుండా జాగ్రత్తపడింది. వెళ్ళేటప్పుడు మా వాకిట్లో పసుపునీళ్ళు చల్లి వెళ్ళింది. తెలిసినట్టు ఉంటే వాళ్ళు ఇల్లు మూసెయ్యాలి. కాబట్టి తెలియనట్టే ఉన్నారు.

పరీక్షలయ్యాక ఖాళీ చేశాం. ఆయన గోడలు చూడలేదు, కుళాయిలు తిప్పలేదు. అడ్వాన్సు మొత్తం కొత్త నోట్లతో తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మాట మీద నిలబడ్డారు చెల్లెమ్మా. ఈ రోజుల్లో ఎవరున్నారు ఇట్టాంటోళ్ళు," అని, నా ముందే ఆ కాగితం చింపేశాడు. నేను రెండు చేతులూ చాచి తీసుకున్నాను. థాంక్సండీ అన్నయ్యగారూ అని కూడా అన్నాను. ఆ డబ్బు అట్లాగే పట్టుకెళ్ళి ఇప్పుడుంటున్న ఇంటికి అడ్వాన్సుగా ఇచ్చాను. రసీదు అడగలేదు.

జూన్‌లో ఒక కొత్త నంబరునుంచి ఫోను వచ్చింది. ఎవరో ఆడమనిషి, మెల్లగా మాట్లాడుతోంది. అన్నయ్యగారి ఇల్లు అద్దెకి చూశామనీ, ముందున్న టీచరమ్మగారిని అడగండి, మేమెట్టాంటివాళ్ళమో చెబుతారని ఇంటాయనే నంబరు ఇచ్చాడనీ చెప్పింది. నీళ్ళ గురించి అడిగింది, దోమల గురించి అడిగింది.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దక్కా. ఆ ఇంట్లో ఎవరైనా పోయారా?"

ఈవిడ కూడా నక్షత్రాల మనిషే అనుకున్నాను. గొంతుదాకా వచ్చిన అబద్ధం ఎందుకో ఆగిపోయింది. ఆ పిల్ల డాక్టరుకి చెప్పనిది, చర్చిలో చెప్పనిది, నా కూతురికి కూడా సరిగ్గా చెప్పనిది, మొహం తెలియని మనిషికి చెప్పాను.

"మా అమ్మ పోయిందమ్మా. నడిమి గదిలో, కిటికీ పక్కన మంచం మీద."

ఫోను పెట్టేస్తుందనుకున్నాను. అటువైపు పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"హమ్మయ్య," అంది. "మా అత్తయ్యకి బాగోలేదక్కా, మంచంలోనే ఉంది. పెద్దావిణ్ణి చూసి నాలుగిళ్ళవాళ్ళు ఇల్లు ఇవ్వం అన్నారు. అయితే ఇక్కడ పోనిస్తారన్నమాట."

పోనివ్వరమ్మా అన్నాను. అప్పుడు అంతా చెప్పాను, కాగితం దగ్గర్నుంచి ఆటో దాకా.

"నీ దగ్గర కూడా రాయించుకుంటాడు. సంతకం పెట్టొద్దమ్మా," అన్నాను చివరికి.

"పెట్టకపోతే ఇల్లివ్వరు కదక్కా," అంది.